నెత్తురు గడ్డకడుతోందా, కారిపోతోందా?

(మన సొసైటీ వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి ఏడూ ఈ సభలో మా ఉపాధ్యాయులను పిలిచి చదువు గురించి మాట్లాడమంటారు. పదో తరగతి ఫలితాలు, ఆడపిల్లల చదువు, స్కాలర్‌షిప్ ఫారాలు, ఇవే మా మాటలు. ఈ ఏడు మేమే కార్యదర్శిగారిని అడిగి వేరే విషయం తీసుకున్నాం. వినగానే ఆయన ‘ఇది డాక్టర్లు చెప్పాల్సింది కదా, మీకెందుకు మాస్టారూ?’ అన్నారు. నిజమే. కాని పోయిన వానాకాలంలో ఒక ఉదయం ఇదే సంగతి మమ్మల్ని అడిగితే నోరు తెరవలేకపోయాం. ఆ బాకీ తీర్చుకుందామని వచ్చాం.

మీలో చాలామందికి ఈ కథ కొంత తెలుసు. మా బడిలో తొమ్మిదో తరగతి చదివే అబ్బాయి. తండ్రి లేడు. తల్లికి మన సొసైటీ నుంచి నెలనెలా వజీఫా అందుతుంది. బడి వదిలాక మామూ మెకానిక్ షెడ్డులో చిన్న చిన్న పనులు చేసేవాడు. పేరు చెప్పం. ఈ కథ చెప్పడానికి ఆ తల్లిని, ఆ అబ్బాయిని అడిగి, సరేనన్నాకే వచ్చాం.

ఒక సోమవారం ప్రార్థన వేళ కుంటుతూ వచ్చాడు. ఏమైందిరా అంటే, మడమ దగ్గర రేకు కోసుకుందన్నాడు. కూర్చోమన్నాం. మంగళవారం ఒళ్ళు కాలిపోతోందంటే ఆఫీసు గదిలో ఉన్న జ్వరం బిళ్ళ ఒకటి మింగించి ఇంటికి పంపించాం. కాలికి గుడ్డ కట్టి ఉంది. ఆ గుడ్డ విప్పి చూడాలని మాలో ఒక్కరికీ తోచలేదు. బుధవారం వాడు రాలేదు. ఒళ్ళు చల్లబడింది కాబట్టి జ్వరం తగ్గిందనుకుంది తల్లి. గురువారం ఫజర్ అజాన్ వేళకు వాడు తల్లిని గుర్తుపట్టకుండా ఏదో మాట్లాడుతున్నాడు. ఆసుపత్రికి చేర్చేసరికి బీపీ అందడం లేదు.

శుక్రవారం రాత్రి డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ కాలివేళ్ళు చూపించి, ‘చిన్న చిన్న రక్తనాళాల్లో నెత్తురు గడ్డకడుతోంది, అందుకే వేళ్ళు నల్లబడుతున్నాయి’ అని చెప్పింది. తెల్లవారాక వచ్చిన ఇంకో డాక్టరు, ‘రక్తం గడ్డకట్టడం లేదు. సూది గుచ్చిన చోటల్లా కారుతోంది, చిగుళ్ళ నుంచి వస్తోంది. ప్లాస్మా, ప్లేట్‌లెట్లు కావాలి, మనుషుల్ని పిలవండి’ అన్నాడు. మామూకి ఒళ్ళు మండిపోయింది. ‘రాత్రి ఒకరు గడ్డకడుతోందంటారు, పొద్దున ఇంకొకరు గడ్డకట్టడం లేదంటారు. మీలో మీకే తెలియదు. మా పిల్లాణ్ణి మేం తీసుకుపోతాం’ అని వార్డులో కేకలు పెట్టాడు. ఆటో కూడా పిలిపించాడు. అప్పుడు కార్యదర్శిగారు మాకు ఫోన్ చేశారు. ‘మీరు సైన్సు మాస్టర్లు. వచ్చి ఆయనకు అర్థమయ్యేలా ఒక మాట చెప్పండి’ అన్నారు.

వెళ్ళాం. చెప్పలేకపోయాం. పదో తరగతి జీవశాస్త్రంలో ప్రసరణ పాఠం పాతికేళ్ళుగా చెబుతున్నవాళ్ళం. థ్రాంబోకైనేజ్, ప్రోథ్రాంబిన్, ఫైబ్రినోజన్ అని బోర్డు మీద కళ్ళు మూసుకుని రాయగలం. కాని ఒకే ఒంట్లో, ఒకే సమయంలో నెత్తురు గడ్డకట్టడమూ, గడ్డకట్టకుండా కారిపోవడమూ ఎలా సాధ్యమో మాకు తెలియలేదు. లోలోపల మాకూ డాక్టర్ల మీద అనుమానం వచ్చిందని ఇవాళ ఒప్పుకుంటున్నాం. ఆ రోజు పిల్లవాణ్ణి కదలనివ్వకుండా ఆపింది మా చదువు కాదు. వాళ్ళ అమ్మీ మంచం కోడు పట్టుకుని, ‘కదిపితే దారిలోనే పోతాడు, కదపనివ్వను’ అంది. అంతే.

తరువాత మా దగ్గర చదువుకుని డాక్టరైన పిల్లవాడి దగ్గర కూర్చున్నాం. అతను ఇచ్చిన పుస్తకాలు చదివాం. అర్థం కానిచోట గురువులమని సిగ్గుపడకుండా అడిగాం. తెలిసిందేమిటంటే ఆ ఇద్దరు డాక్టర్లూ నిజమే చెప్పారు. రెండూ ఒకే జబ్బు.

బడిలో చెప్పే పాఠంతో మొదలుపెడతాం. గాయమైతే అక్కడికి రక్తఫలకికలు వచ్చి పోగుపడతాయి. వీటినే మీరు ప్లేట్‌లెట్లు అంటారు. డెంగ్యూ పుణ్యమా అని మన పేటలో చిన్నపిల్లవాడికి కూడా ఈ మాట తెలుసు. ఒక మైక్రోలీటరు రక్తంలో లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షల దాకా ఉంటాయి. తెగిన కణజాలం నుంచి పుట్టిన సంకేతంతో ఒకదాని తరువాత ఒకటిగా కొన్ని ప్రోటీన్లు మేలుకుంటాయి. చివరకు థ్రాంబిన్ తయారవుతుంది. ఆ థ్రాంబిన్, రక్తంలో కరిగి ఉన్న ఫైబ్రినోజన్‌ను ఫైబ్రిన్ పోగులుగా మారుస్తుంది. ఆ పోగుల వలలో రక్తకణాలు చిక్కుకుని గడ్డ అవుతుంది. మన పాఠం ఇక్కడితో అయిపోతుంది. పరీక్షలో బొమ్మ వేస్తే మార్కులు పడతాయి.

ఈ పని జరగకపోతే ఏమవుతుందో మనవాళ్ళు ఎప్పుడో రాసిపెట్టారు. అల్ అందులుస్‌లో, ఖుర్తుబా దగ్గర పనిచేసిన అబుల్ ఖాసిమ్ అల్ జహ్రావీ తన ‘తస్రీఫ్’ గ్రంథంలో, చిన్న గాయానికే నెత్తురు ఆగక చనిపోయే మగవాళ్ళున్న ఒక పల్లె గురించి రాశారు. ఆయన 1013 ప్రాంతంలో కన్నుమూశారు. ఇప్పుడు హీమోఫీలియా అంటున్న జబ్బుకు అది తొలి వర్ణనల్లో ఒకటని వైద్య చరిత్రకారులు లెక్కవేస్తారు.

గడ్డకట్టకపోతే ప్రమాదమని అందరికీ తెలుసు. కాని పాఠంలో లేని ప్రశ్న ఒకటుంది. మొదలైన గడ్డ ఎందుకు ఆగుతుంది? మడమ దగ్గర పుట్టిన థ్రాంబిన్ రక్తంలోనే కదా ఉంది. అది కొట్టుకుపోయి మోకాలు, తొడ, గుండె, మెదడు అంతటా ఎందుకు గడ్డకట్టించదు? పాతికేళ్ళలో ఒక్క పిల్లవాడూ మమ్మల్ని ఇది అడగలేదు. మేమూ మమ్మల్ని అడుక్కోలేదు.

మనది కాలువల దేశం కాబట్టి కాలువతో చెబుతాం. కాలువకు గండి పడిందనుకోండి. ఊరంతా ఇసుక బస్తాలతో పరుగెత్తుతుంది. ఒక మేస్త్రీ నిలబడి ‘ఇక్కడ వేయండి, అక్కడ వేయండి’ అని బస్తాలు వేయిస్తాడు. ఆ మేస్త్రీయే థ్రాంబిన్. గండి పూడింది. ఊపులో ఉన్న మేస్త్రీ ఇంకా కిందికి పోయి, గట్టు చక్కగా ఉన్నచోట కూడా బస్తాలు వేయించబోతాడు. అక్కడ కాలువ మీద కాపలా ఉండే లస్కరు అతని చెయ్యి పట్టుకుంటాడు. ‘ఇక్కడ గండి లేదు. పనివాళ్ళను ఆపమని కబురు పంపు’ అంటాడు. విచిత్రం ఏమిటంటే చెయ్యి పట్టుకున్న క్షణం నుంచి ఆ మేస్త్రీ బస్తాలు వేయించడం మాని, ఆపమనే కబురు పంపించేవాడవుతాడు.

ఇది మేం అందం కోసం కల్పించింది కాదు, ఒంట్లో అచ్చంగా ఇలాగే జరుగుతుంది. రక్తనాళాల లోపలి గోడకు ఒక పలచటి పొర ఉంటుంది. ఆ పొర మీద థ్రాంబోమాడ్యులిన్ అనే ప్రోటీన్ ఉంటుంది. ఇదే లస్కరు. థ్రాంబిన్ దీనికి తగులుకున్నాక గడ్డకట్టించే గుణం పోయి, ప్రోటీన్-సి అనే ఇంకో ప్రోటీన్‌ను మేలుకొలుపుతుంది. మేలుకున్న ప్రోటీన్-సి, థ్రాంబిన్ తయారీకి అవసరమైన రెండు ముఖ్యమైన అంశాలను ముక్కలు చేసేస్తుంది. అంటే థ్రాంబిన్ తన బ్రేకును తానే వేయించుకుంటుంది. ప్రోటీన్-సి ని స్వీడన్‌కు చెందిన యోహాన్ స్టెన్‌ఫ్లో 1976లో ఆవు రక్తం నుంచి వేరుచేశారు. వేరుచేస్తున్నప్పుడు మూడో వరసలో వచ్చింది కాబట్టి ‘సి’ అన్నారట. ఇంత గొప్ప పని చేసేదానికి ఇంత చప్పటి పేరు పెట్టడం మాకు నచ్చలేదు, అది వేరే సంగతి. థ్రాంబోమాడ్యులిన్ సంగతిని 1981లో చార్లెస్ ఎస్మన్, వైట్ ఓవెన్ బయటపెట్టారు.

బ్రేకు ఇదొక్కటే కాదు. కాలేయంలో తయారయ్యే యాంటీథ్రాంబిన్ అనే ప్రోటీన్ తప్పించుకు తిరిగే థ్రాంబిన్‌ను పట్టి పనికిరాకుండా చేస్తుంది. గడ్డ మొదలయ్యే మొదటి మెట్టునే అడ్డుకునేది ఇంకొకటుంది. ఇవన్నీ దాటి గడ్డ కట్టినా, గాయం మానాక దాన్ని కరిగించడానికి ప్లాస్మిన్ ఉంది. గండి గట్టిపడ్డాక బస్తాలు తీసి పక్కన పెట్టే మనుషుల్లాంటిది. గడ్డకట్టించేవి, ఆపేవి, కరిగించేవి, ఈ మూడూ మన ఒంట్లో రాత్రింబవళ్ళు తూగుతూ ఉంటాయి. సూరె రహ్మాన్ చదివేటప్పుడు మీజాన్ అన్న మాట వస్తుంది కదా, ఈ సంగతి చదువుతున్నంతసేపూ మాకు ఆ మాటే గుర్తుకొచ్చింది.

ఇప్పుడు క్రిముల సంగతి. మడమ గాయంలో బ్యాక్టీరియా దూరితే గడ్డకట్టడానికీ దానికీ ఏమిటి సంబంధం? చాలా దగ్గర సంబంధం. ఎంత పాతదో తెలియాలంటే ఒడిశా తీరానికి పోవాలి. బాలాసోర్ వైపు సముద్రపు ఒడ్డున, డాలు లాంటి పెంకు, సూది లాంటి తోక ఉన్న ఒక ప్రాణి దొరుకుతుంది. గుర్రపు డెక్క పీత అంటారు గాని నిజానికి పీత కాదు, సాలీళ్ళకు దగ్గర చుట్టం. ప్రపంచంలో దీని జాతులు నాలుగే. రెండు మన దేశంలో ఉన్నాయి. దాని రక్తం నీలంగా ఉంటుంది, ఇనుముకు బదులు రాగి ఉంటుంది కాబట్టి. అమెరికాలోని వుడ్స్ హోల్ అనే ఊళ్ళో ఫ్రెడరిక్ బ్యాంగ్ అనే శాస్త్రవేత్త, అక్కడి జాతికి సముద్రపు బ్యాక్టీరియాను ఎక్కించి చూస్తే దాని ఒంట్లో రక్తమంతా గడ్డకట్టిపోయింది. 1956లో ఈ సంగతి ప్రచురించారు. ఆ తరువాత జాక్ లెవిన్‌తో కలిసి పరిశీలిస్తే, కొన్ని రకాల బ్యాక్టీరియా పైపొరలో ఉండే ఎండోటాక్సిన్ అనే పదార్థం రవ్వంత తగిలినా ఆ రక్తకణాల రసం గడ్డకడుతుందని 1960లలో తేలింది. మనకు చేతికెక్కించే సెలైన్ సీసాలు, టీకాలు శుభ్రంగా ఉన్నాయో లేదో చూడడానికి ఈ రసంతో చేసే పరీక్ష ప్రపంచమంతా వాడుకలోకి వచ్చింది.

ఆ ప్రాణికి మనలాగా యాంటీబాడీలు లేవు. క్రిమి చొరబడితే దాని చుట్టూ రక్తాన్ని గడ్డకట్టించి అక్కడే బంధించడం దాని యుద్ధం. మన ఒంట్లో కూడా ఆ పాత అలవాటు పోలేదు. క్రిమి కనబడగానే మన తెల్లకణాలు కొన్ని, గడ్డ మొదలుపెట్టే టిష్యూ ఫ్యాక్టర్‌ను పైకి తెస్తాయి. ఇంకొన్ని తమ లోపలి డీఎన్‌ఏనే పోగులుగా బయటికి విసిరి వలవేస్తాయి. ఇది 2004లో కనిపెట్టారు. ఆ వల, ఫైబ్రిన్ వల, ప్లేట్‌లెట్లు అన్నీ కలిసి క్రిముల్ని అక్కడే కట్టిపడేస్తాయి. చిన్న నాళంలో, చిన్న మేరకు జరిగినంతవరకు ఇది మేలే. క్రిములూ ఊరుకోవు. పుండ్లలో ఎక్కువగా కనిపించే స్టెఫిలోకాకస్ ఆరియస్ తన చుట్టూ తానే ఫైబ్రిన్ ముసుగు కప్పుకుని తెల్లకణాలకు చిక్కకుండా దాక్కుంటుంది. స్ట్రెప్టోకాకస్ అయితే వలను కరిగించి తప్పించుకుంటుంది. దాన్ని కరిగించే ఆ పదార్థాన్ని 1933లో విలియం టిలెట్ గుర్తించారు. గుండెపోటు వచ్చినవాళ్ళకు గడ్డ కరగడానికి ఇచ్చే స్ట్రెప్టోకైనేజ్ ఇంజెక్షన్ అదే. మన పెద్దల్లో కొందరు ఇవాళ ఈ సభలో కూర్చున్నారంటే ఆ క్రిమి సామాను కూడా కారణం.

మనవాళ్ళు పుండుకు చీము పడితే ‘సెప్టిక్ అయింది’ అంటారు. డాక్టర్లు సెప్సిస్ అనేది అది కాదు. క్రిమి మీద ఒళ్ళు చేసే యుద్ధం పట్టుతప్పి, సొంత అవయవాలనే దెబ్బతీయడం సెప్సిస్. 2016 నుంచి వాడుతున్న నిర్వచనం కూడా ఇంచుమించు ఇదే. అప్పుడు గడ్డకట్టడంలో జరిగేదేమిటో చెబుతాం, ఇక్కడే కొంచెం ఓపికపట్టాలి.

క్రిములు, వాటి పదార్థాలు రక్తంతో పాటు ఒళ్ళంతా తిరుగుతాయి. తెల్లకణాలు ఒళ్ళంతటా టిష్యూ ఫ్యాక్టర్‌ను పైకి తెస్తాయి. కాలువ భాషలో చెప్పాలంటే, గండి ఒకచోట కాదు, ఊరూరా గండి పడిందని ఒకేసారి టముకు వేసినట్టు. ప్రతిచోటా మేస్త్రీలు పుడతారు. మామూలుగా అయితే లస్కరులు ఆపాలి. కాని ఆ మంటలో రక్తనాళాల లోపలి పొరే దెబ్బతింటుంది. దాని మీద థ్రాంబోమాడ్యులిన్ తగ్గిపోతుంది. రక్తంలో ఉన్న ప్రోటీన్-సి వాడకమై అయిపోతుంది. అది కొద్ది గంటలు మాత్రమే నిలిచే పదార్థం, ఎప్పటికప్పుడు కాలేయం చేసి పంపాలి. జబ్బుపడ్డ కాలేయం పంపలేదు. యాంటీథ్రాంబిన్ కూడా పడిపోతుంది. ఇవి చాలవన్నట్టు గడ్డను కరిగించే ప్లాస్మిన్‌ను పుట్టనివ్వకుండా అడ్డుకునే పదార్థం పెరిగిపోతుంది. బస్తాలు వేసేవాళ్ళు పెరిగారు, ఆపేవాళ్ళు తగ్గారు, తీసేవాళ్ళను కట్టేశారు.

ఫలితం? పిల్లకాలువలన్నీ పూడిపోతాయి. కాలువ చివరన ఉన్న పొలాలు ముందు ఎండుతాయి. ఒంటికి చివర ఉన్నవి కాలివేళ్ళు, చేతివేళ్ళు. లోపల మూత్రపిండాలు, ఊపిరితిత్తులు, వాటి సన్నని నాళాలు. డాక్టరమ్మ రాత్రి చూసింది అదే.

మరి పొద్దున? ఊళ్ళో ఉన్న బస్తాలన్నీ అక్కర్లేని చోట వేసేశారు. గోదాములో ఒక్కటి మిగల్లేదు. ఇప్పుడు నిజంగా ఒకచోట గట్టు చిల్లిపడింది. వేయడానికేముంది? మన అబ్బాయి రక్తంలో ప్లేట్‌లెట్లు 31 వేలకు పడిపోయాయి. ఫైబ్రినోజన్ అయిపోవచ్చింది. గడ్డలుగా కట్టేసి ఖర్చయిపోయాయి కాబట్టి సూది గుచ్చిన చిన్న రంధ్రాన్ని మూయడానికి కూడా సరుకు లేదు. గడ్డకట్టింది కాబట్టే కారింది. రాత్రి డాక్టరమ్మ వేళ్ళు చూసి చెప్పింది, పొద్దున డాక్టరు చిగుళ్ళు చూసి చెప్పాడు. దీన్ని ఆసుపత్రి కాగితాల్లో డీఐసీ అని మూడక్షరాలు రాస్తారు. ఆ మూడక్షరాల అర్థం మాకు ఆ రోజు తెలిసుంటే మామూని పక్కకు తీసుకెళ్ళి అయిదు నిమిషాల్లో చెప్పగలిగేవాళ్ళం.

ఈ బ్రేకు ఎంత ముఖ్యమో పుట్టుకతో అది లేని పసిపిల్లల్ని చూస్తే తెలుస్తుంది. లక్షల్లో ఒకరికి ప్రోటీన్-సి అసలు తయారుకాదు. అలాంటి బిడ్డకు ఏ క్రిమీ సోకకుండానే, పుట్టిన కొద్ది గంటల్లోనో రోజుల్లోనో ఒంటి మీద ఊదా మచ్చలు వచ్చి చర్మం నల్లబడుతుంది. మన అబ్బాయి కాళ్ళ మీద వచ్చిన మచ్చలూ ఆ జాతివే.

అయితే ప్రోటీన్-సి ని బయటి నుంచి ఎక్కిస్తే సరిపోదా? మా మామూలాంటివాళ్ళకే కాదు, ప్రపంచంలోని పెద్ద పెద్ద శాస్త్రవేత్తలకూ ఇదే ఆలోచన వచ్చింది. 1987లో అమెరికాలోని ఓక్లహోమాలో ఫ్లెచర్ టేలర్, ఎస్మన్ బృందం బబూన్ కోతులకు ప్రాణం తీసే మోతాదులో ఇ.కోలై బ్యాక్టీరియా ఎక్కించి, ముందుగా మేలుకొలిపిన ప్రోటీన్-సి ఇచ్చి చూసింది. అవి బతికాయి. ప్రోటీన్-సి పని చేయకుండా అడ్డుకుంటే, చంపేంత కాని మోతాదుకే చనిపోయాయి. దాంతో మందు తయారైంది. 2001లో 1,690 మంది రోగుల మీద చేసిన పరీక్షలో, మందు ఇవ్వనివాళ్ళలో నూటికి 30.8 మంది చనిపోతే, ఇచ్చినవాళ్ళలో 24.7 మంది చనిపోయారు. ఆ ఏడు నవంబరులోనే అమెరికా ప్రభుత్వం అనుమతించింది. జైగ్రిస్ అనే పేరుతో అమ్మారు, విపరీతమైన ఖరీదు.

పదేళ్ళ తరువాత మళ్ళీ ఇంచుమించు అంతమంది మీదే పరీక్షించారు. ఈసారి మందు తీసుకున్నవాళ్ళలో నూటికి 26.4, తీసుకోనివాళ్ళలో 24.2 మంది పోయారు. అంటే ఏ ప్రయోజనమూ తేలలేదు. మందు వల్ల రక్తస్రావం ప్రమాదం మాత్రం మొదటి నుంచీ ఉంది. 2011 అక్టోబరులో కంపెనీయే దాన్ని మార్కెట్ నుంచి వెనక్కి తీసుకుంది. యాంటీథ్రాంబిన్‌ను ఎక్కించి 2,314 మంది మీద చేసిన ఇంకో పెద్ద పరీక్షలోనూ మరణాలు తగ్గలేదు. చదివినప్పుడు మాకు నిరాశ కలిగింది. కాని ఆలోచిస్తే అర్థమవుతుంది. క్రిమి ఇంకా లోపలే ఉంది, టముకు ఇంకా మోగుతూనే ఉంది. నాలుగు బ్రేకుల్లో ఒకదాన్ని బయటి నుంచి తెచ్చి బిగిస్తే బండి ఆగదు. పైగా గోదాము ఖాళీ అయిన ఒంట్లో గడ్డకట్టడాన్ని ఇంకా ఆపితే నెత్తురు కారడం ఎక్కువవుతుంది.

అందుకని ఇప్పటికీ డాక్టర్ల చేతిలో ఉన్న అసలు మందు, మూలాన్ని కొట్టడమే. సరైన యాంటీబయాటిక్ నరంలోకి ఎక్కించాలి, చీము ఉన్నచోట కోసి బయటికి తీయాలి, బీపీ నిలబెట్టాలి. నెత్తురు కారుతుంటే ప్లాస్మా, ప్లేట్‌లెట్లు ఇస్తూ, ఒళ్ళు తన తూకం తాను తెచ్చుకునేదాకా కాపుకాయాలి. మన అబ్బాయి మడమ కోసి శుభ్రం చేశాకే, రెండో రోజుకు ప్లేట్‌లెట్లు మెల్లగా లేవడం మొదలైంది. వరసగా కొన్ని రోజులు డయాలసిస్ పడింది. ఎడమ కాలికి మూడు వేళ్ళు పోయాయి.

బీపీ పడిపోయిన సెప్సిస్ రోగులకు గంటలోపు యాంటీబయాటిక్ పడాలని డాక్టర్ల నియమం. 2006లో వెలువడిన ఒక అధ్యయనంలో, అలాంటి 2,154 మంది కేసు షీట్లు తిరగేసి చూస్తే, మొదటి ఆరు గంటల్లో ఆలస్యమైన ఒక్కో గంటకు బతికే అవకాశం సగటున నూటికి 7.6 చొప్పున తగ్గినట్టు లెక్కతేలింది. మేం ఆ అంకె చదివి సోమవారం నుంచి గురువారం ఫజర్ దాకా గంటలు లెక్కపెట్టబోయి ఆపేశాం. ప్రపంచం మొత్తం మీద 2017లో సెప్సిస్ వచ్చినవాళ్ళు 4.89 కోట్ల మంది, చనిపోయినవాళ్ళు 1.1 కోట్ల మంది అని అంచనా. ఆ ఏడు చనిపోయిన ప్రతి అయిదుగురిలో ఒకరన్నమాట.

కాబట్టి ఇంట్లో ఏం చూడాలి? గాయం గాని, పుండు గాని, మూత్రంలో మంట గాని, దగ్గు గాని, కాన్పు అయిన కొత్త గాని, ఏదో ఒక ఇన్ఫెక్షన్ ఉన్న మనిషి ఉన్నట్టుండి వేగంగా ఊపిరి తీస్తున్నా, మాట తడబడుతున్నా, పొంతన లేకుండా మాట్లాడుతున్నా, పొద్దుటి నుంచి మూత్రం రాకపోయినా ఆలోచించకండి. జ్వరం ఉండాలనేం లేదు, ఒళ్ళు చల్లబడటం కూడా గుర్తే. మేం, ఆ తల్లి మోసపోయింది అక్కడే. ఊదారంగు మచ్చలు కనిపిస్తే గాజు గ్లాసు అదిమి చూడండి. గాజు కింద కూడా మచ్చ పోకపోతే అది చర్మంలోకి కారిన నెత్తురు. మన రంగుకు ఒంటి మీద తేలిగ్గా కనబడవు, అరచేతులు, అరికాళ్ళు, కనురెప్ప లోపల చూడాలి. మచ్చలు వచ్చేదాకా ఆగమని కాదు, అవి వచ్చాయంటే అప్పటికే ఆలస్యమైంది. 108కి ఫోన్ చేసి ‘ఇన్ఫెక్షన్ ఉంది, మనిషి సోయలో లేడు’ అని చెప్పండి. ఆసుపత్రిలో ‘ఇది సెప్సిస్ కావచ్చా?’ అని నోరు తెరిచి అడగండి. అడిగినందుకు ఎవరూ కొట్టరు.

పెద్దలు కోపగించుకోకపోతే ఇంకో రెండు మాటలు. దమ్ చేయించడం మానమని మేం అనం. ఇమామ్ సాబ్ ఇక్కడే ఉన్నారు, ఆయనే చెప్పారు, ఆటో ఇంజను ఆపకుండా ఉంచితే అందులోకి వచ్చి దమ్ చేస్తానని. హిజామా సంగతి మాత్రం గట్టిగా చెబుతాం. జ్వరంతో పడి ఉన్న మనిషికి, మచ్చలున్న మనిషికి ‘చెడు నెత్తురు తీస్తే పోతుంది’ అని గాట్లు పెట్టించకండి. ప్లేట్‌లెట్లు పడిపోయి ఉంటే ఆ గాటు మానదు, ఆగదు. బొప్పాయి ఆకు రసంతో ఈ జబ్బు పోదు. ఎవరికో రాసిన యాంటీబయాటిక్ బిళ్ళలు రెండు మిగిలితే అవి మింగించి చూద్దామనుకోవద్దు. రంజాన్ నెలలో జ్వరంతో రోజా పట్టుకుని, ఇఫ్తార్ దాకా ఆగుదామని మాత్ర వేసుకోనివాళ్ళను చూశాం. రోగికి రోజా తరువాత పూర్తిచేసుకునే సడలింపు ఉందని ఇక్కడ కూర్చున్నవాళ్ళకు మేం చెప్పనక్కర్లేదు. షుగర్ ఉన్నవాళ్ళు, తిల్లి తీసేసినవాళ్ళు, ముసలివాళ్ళు, బాలింతలు వీళ్ళ విషయంలో ఒక పూట కూడా ఆగకూడదు.

మా బడిలో ఇప్పుడు ఒక పద్ధతి పెట్టుకున్నాం. గుడ్డ కట్టుకుని వచ్చిన పిల్లవాడి గుడ్డ విప్పి చూస్తాం. జ్వరం ఉంటే థర్మామీటరు పెట్టి కొలత, వేళ పలక మీద రాసి, ఇంటికి ఫోన్ చేసి, సాయంత్రం మళ్ళీ ఫోన్ చేస్తాం. బిళ్ళ ఇచ్చి పంపేయడం మానేశాం. థర్మామీటర్లు సొసైటీయే కొనిచ్చింది.

ఆ శనివారం ప్లాస్మా, ప్లేట్‌లెట్ల కోసం ఫోన్లు చేస్తే మన పేట నుంచి పదకొండు మంది వచ్చారు. వాళ్ళలో నలుగురికి తమ గ్రూపు ఏమిటో తెలియదు, ఇద్దరు రక్తం ఇచ్చి నెల కూడా కాలేదు. ప్లాస్మాను గడ్డకట్టించి నెలల తరబడి దాచవచ్చు గాని ప్లేట్‌లెట్లు అయిదు రోజులకు మించి నిలవ ఉండవు. అందుకే ముందుగా పేర్లు రాసి పెట్టుకోవాలి. 18 ఏళ్ళు నిండి 65 దాటనివాళ్ళు, 45 కిలోలకు తగ్గనివాళ్ళు ఇవ్వచ్చు. మగవాళ్ళు మూడు నెలలకోసారి, ఆడవాళ్ళు నాలుగు నెలలకోసారి. గ్రూపు తెలియకపోయినా ఫరవాలేదు, వచ్చే జుమా తరువాత మస్జిద్ వరండాలోనే చూసి చెప్పే ఏర్పాటు కార్యదర్శిగారు చేస్తున్నారు. ఫారాలు వెనుక బల్ల మీద ఉన్నాయి. అక్కడ కూర్చుని పేర్లు రాసుకుంటున్నది ఆ అబ్బాయే. ఇప్పుడు పదో తరగతి, ప్రసరణ పాఠం పోయిన వారమే అయింది. వాడి రాత కొంచెం గజిబిజి, ఫోన్ నంబరు రెండుసార్లు చెప్పి సరిచూసుకోండి.